కుర్చీ నరహరి

నరహరి ఎక్కడికి వెళ్లినా చేతిలో ఒక కుర్చీ ఉంటుంది. కూర్చోవడానికి కాదు. ఆయన కూర్చోగా చూసినవాళ్లు తార్నాకలో ఎవరూ లేరు. బస్సెక్కితే సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడతాడు. పెళ్లికి వెళ్తే నిలబడే తింటాడు, అక్షింతలు వేస్తాడు, వచ్చేటప్పుడు మాత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీతో వస్తాడు. దాన్ని రోడ్డు పక్కన ఎక్కడో ఒకచోట వేసి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పెళ్లిచూపులకు వచ్చిన అత్తగారిలా కింది నుంచి పైదాకా చూస్తాడు. నచ్చకపోతే కాస్త ఇటు జరుపుతాడు. నచ్చితే ఇంకో కుర్చీ వెతుక్కుంటూ పోతాడు.

ఇంకా వింత ఏమిటంటే, ఆయన యూనివర్సిటీలో వ్యాయామ విద్య చెప్పి రిటైరైన మనిషి. మెడలో విజిల్ వేసుకుని తరాల తరబడి పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించాడు. హాస్టల్ మెట్ల మీద ఎవడైనా కూర్చుని కనిపిస్తే చాలు, "ఏంది బిడ్డా, కాళ్లు అమ్ముకున్నవా?" అని లేపేవాడు. కూర్చున్నవాళ్లను లేపి జీతం తీసుకున్న మనిషి, రిటైరయ్యాక జీతం లేకుండా అందరినీ కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. మాస్టారికి బుర్ర తిరిగిందని ఊరంతా అనుకుంది. అందరికన్నా ముందు అనుకున్నది శ్యామలాంబ.

శ్యామలాంబ తార్నాకలో మెయిన్ రోడ్డు పక్క వీధిలో, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంటుంది. పుట్టింది బాపట్ల దగ్గర, ఉద్యోగం చేసింది ఇక్కడి పరిశోధన సంస్థ లైబ్రరీలో. పుస్తకం బీరువాలో పక్కకు ఒరిగి ఉంటే ఆవిడకు అన్నం సహించదు. ఉండవలసిన చోట ఉండని వస్తువు ఏదైనా సరే, ఆవిడ దృష్టిలో అది తప్పిపోయిన పిల్లాడితో సమానం. అలాంటి మనిషి బాల్కనీలో నిలబడి రోడ్డు మీదికి చూస్తే మందుల షాపు ముందు ఒక ఆకుపచ్చ కుర్చీ, చెప్పులు కుట్టే అతని పక్కన ఒక ఎర్ర కుర్చీ, బస్టాపు వెనక చెయ్యి విరిగిన కుర్చీ కనిపిస్తే ఒళ్లు మండదా మరి?

అయినా ఆవిడ కోపానికి అసలు కారణం కుర్చీలు కాదు, కర్మకాండ.

ఆవిడ భర్త శ్రీనివాసరావు, నరహరి రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో కలిసి నడిచేవాళ్లు. నరహరికి నడక, శ్రీనివాసరావుకు నరహరితో కబుర్లు. ఒకరోజు నరహరి ఊళ్లో లేడు. శ్రీనివాసరావు ఒక్కడే నడిచి, ఇంటికి తిరిగొస్తూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆయాసంతో ఆగాడు. అక్కడ ఫుట్‌పాత్ ఉంది. దాని మీద ఇసుక కుప్ప ఉంది, ఎవరిదో బోర్డు ఉంది, బైకుల వరస ఉంది. తార్నాకలో మనిషి తప్ప అన్నీ ఫుట్‌పాత్ మీదే ఉంటాయి. కూర్చుందామంటే చోటు లేక ఆయన రోడ్డు అంచున, కాళ్లు రోడ్డు మీద పెట్టి కూర్చున్నాడు. ఒక నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తోంది. డ్రైవరు అద్దంలో చూసుకునే వచ్చాడు, అబద్ధం చెప్పలేదు. నిలబడ్డ మనిషైతే అద్దంలో కనిపించేవాడే. కూర్చున్న మనిషి కనిపించడు.

పదో రోజున అపార్ట్‌మెంట్ కింద షామియానా వేశారు. వచ్చినవాళ్లంతా శ్యామలాంబ చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి అన్నారు. నరహరి వచ్చాడు. చాలాసేపు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆఖరికి దగ్గరికొచ్చి ఆయన అన్న మాట ఇది.

"వదినా, ఈ కుర్చీలు సాయంత్రం దాక ఉంటయా?"

మర్నాడు పొద్దున్నే టెంట్ హౌస్ కుర్రవాళ్లు లెక్క తప్పిందని గేటు దగ్గర గోల పెట్టారు. భర్త పోయిన ఇంట్లోంచి కుర్చీలు పోవడమేమిటి, అవి నరహరి తోపుడు బండి మీద వెళ్లడం వాచ్‌మన్ చూడటమేమిటి! గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. "ఆయన పోయినందుకు కాదు, కుర్చీ దొరికినందుకు వచ్చాడు మనిషి" అని శ్యామలాంబ సారలమ్మ ముఖం మీదే అనేసింది. సారలమ్మ నరహరి భార్య.

సారలమ్మ ఏమీ నొచ్చుకోలేదు. "మా ఇంటికి వచ్చి చూడున్రి వదినా. కూసోవాలంటే నేల, లేకుంటే మంచం. మొన్న చుట్టాలొస్తె పీటలేసిన. ఆ పీటల మీద కూడ ఆయన కన్ను పడ్డది. మంచం కాళ్లకు తాడు కట్టి పెట్టుకున్న" అంది.

అక్కడి నుంచి నరహరి చేతికి అడ్డు లేకుండా పోయింది. బౌద్ధనగర్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే ముందు నరహరికే తెలిసేది. కోచింగ్ సెంటర్ మూతపడితే పిల్లలు ఏడ్చారో లేదో గానీ, ఆయన బల్లలు కూడా వదలకుండా తెచ్చాడు. ఫ్లాట్ల సంఘం అధ్యక్షుడు వెంకటసాయి సమావేశానికని దించి పెట్టిన కుర్చీలు తెల్లారేసరికి లేవు. సంఘం చరిత్రలో మొదటిసారి అందరూ నిలబడి చర్చించారు. పూటంతా సాగాల్సిన బోరునీళ్ల తగాదా టీ చల్లారేలోపు తేలిపోయింది. అయినా వెంకటసాయి ఊరుకోలేదు.

"ఏంది మాస్టారూ, సంఘం ఆస్తి రోడ్డు మీద ఎట్ల పెడతరు?"

"సంఘం ఎవ్వరిది?"

"మనందరిది."

"రోడ్డు?"

వెంకటసాయికి జవాబు దొరికేలోపు నరహరి ఇంకో కుర్చీ లేపాడు.

క్యాంపస్‌లో ఇంకో రకం కథ. అక్కడి సెక్యూరిటీ మల్లన్న ఒకప్పుడు నరహరి దగ్గర కబడ్డీ నేర్చుకున్నవాడే. "సార్, పర్మిషన్ లేకుండ లోపల కుర్చీలెయ్యద్దు" అని పట్టుకెళ్లి గేటు పక్కన తన గదిలో పెట్టేవాడు. "పర్మిషన్ యాడ అడగాలె రా?" అంటే ఆఫీసు పేరు చెప్పాడు. "ఆడ కూసోని అడగాల్నా, నిలవడి అడగాల్నా?" అన్నాడు నరహరి. కొన్నాళ్లకు మల్లన్న గది నిండిపోయి మల్లన్నకే చోటు లేకుండా పోయింది. ఒక పూట వానొస్తే పాపం ఆయనే బయట చెట్టు కింద నిలబడ్డాడు. మర్నాటి నుంచి కుర్చీలన్నీ తిరిగి చెట్ల కిందికి నడిచొచ్చాయి. ఎవరు వేశారని అడిగితే, "నాకేం ఎరుక సార్?" అన్నాడు మల్లన్న.

చలికాలంలో ఒక ముసలి గుమాస్తా నడుస్తూ నడుస్తూ మెట్రో స్టేషన్ కింద కుర్చీలో కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. "చూశిన్రా, కుర్చీ మనిషిని మింగింది" అని వెంకటసాయి వీధంతా చెప్పాడు. నరహరి వినీ విననట్టు ఆ కుర్చీ తుడుస్తూ, "కుర్చీల పోయిండు. టైర్ కింద పోలె" అన్నాడు.

ఇందులో కనిపించినంత శ్యామలాంబ బాల్కనీలోంచి చూసేది, మిగతాది సారలమ్మ నోట వినేది. ఆవిడ కిందికి దిగడం మానేసి చాలా కాలమైంది. కూరలు, పాలు, మందులు అన్నీ తాడు కట్టిన బుట్టలో పైకొస్తాయి. రోడ్డు వెంట కాస్త దూరం వెళ్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది. ఆ చోటు దాటి వెళ్లవలసిన పని తనకు ఈ జన్మలో ఇక లేదని ఆవిడ నిర్ణయించుకుంది. అప్పటికే షుగరు. పిక్కల్లో నొప్పి మొదలైంది. తర్వాత ఎడమకాలి చిటికెన వేలు నల్లబడింది. సారలమ్మ చూసి, వద్దంటున్నా వినకుండా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు సుప్రజ కాలు నొక్కి చూసి మందులు రాసింది. "కాళ్లలో రక్తం సరిగా పారడం లేదమ్మా. మందు సగమే పని చేస్తుంది. మిగతా సగం నడకే."

"నడిస్తే నొప్పి కదమ్మా."

"నొప్పి వచ్చేదాకా నడవాలి. వచ్చాక కూర్చోవాలి. తగ్గాక మళ్లీ నడవాలి. రోజూ కాస్త కాస్త దూరం పెంచాలి."

"నడవకపోతే?"

"ముందు వేలు తీసేస్తాం. తర్వాత ఎంతవరకు తీయాల్సొస్తుందో ఇప్పుడే చెప్పలేను."

శ్యామలాంబ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నడుస్తాను సరే, నొప్పొస్తే ఎక్కడ కూర్చోమంటావు? రోడ్డు అంచునా? మా ఆయన కూర్చున్నారుగా, చాలదూ?" అంది. సారలమ్మ ఇంటి దారి పొడుగునా నోరెత్తలేదు. సారలమ్మ నోరెత్తలేదంటే ఆ మాట తిన్నగా నరహరికి చేరుతుందని శ్యామలాంబకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

ఇంట్లోనే నడుద్దామని రెండు రోజులు చూసింది. ఆ హాల్లో ఈ గోడ దగ్గర మొదలెడితే అప్పుడే ఆ గోడ వచ్చేస్తుంది. మూడో రోజు తలుపు తీసేసరికి కారిడార్ చివర, లిఫ్టు పక్కన, ఒక కుర్చీ! ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ మాస్టారూ, మీ కుర్చీ మా కారిడార్‌లో ఏం చేస్తోంది?"

"మర్చిపోయిన వదినా. జర కింద వాచ్‌మన్‌కు ఇయ్యున్రి."

"నేనా? మోయడానికి మీకు నేనే దొరికానా?"

"నాకు ఇప్పుడు మీటింగ్ ఉన్నది వదినా." ఫోన్ పెట్టేశాడు.

కుర్చీ అక్కడ ఉన్నంతసేపు శ్యామలాంబకు కాలు నిలవలేదు. తిట్టుకుంటూ లిఫ్టులో పెట్టుకుని కిందికి దించింది. వాచ్‌మన్ లేడు. పిక్క పట్టేసింది. చేసేది లేక ఆ కుర్చీలోనే కూర్చుని, నొప్పి తగ్గాక పైకొచ్చింది. మర్నాడు బాల్కనీలోంచి చూస్తే సంఘం పేరు రాసి ఉన్న తెల్ల కుర్చీ మందుల షాపు ముందు కనిపించింది. సంఘం ఆస్తి! వెనక్కి తెద్దామని బయల్దేరింది. వెళ్లేసరికి నొప్పి. కూర్చుంది. లేచి చూస్తే వెనక ఒక ముసలమ్మ ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఆవిడ ముందు కుర్చీ లాక్కుపోవడానికి మనసొప్పలేదు.

ఆ రోజు నుంచి తాను కుర్చీలు వెనక్కి తేవడం లేదని, అవి ఎక్కడివి అక్కడ ఉన్నాయో లేదో తనిఖీ మాత్రమే చేస్తున్నానని శ్యామలాంబ తనకు తాను చెప్పుకుంది. లైబ్రరీలో ఏటా చేసిన పనే. అయితే ఈ లైబ్రరీ మహా చెడ్డది. నిన్న మందుల షాపు ముందున్న కుర్చీ ఇవాళ టైలర్ దగ్గర. వారం పోయాక ఇస్త్రీ బండి దగ్గర. ఒకచోట నిలకడ లేదు. దాన్ని వెతుక్కుంటూ, నరహరిని తిట్టుకుంటూ ఆవిడ నడిచేది. నడుస్తున్నానన్న సంగతి ఆవిడకు గుర్తే లేదు. ఇస్త్రీ బండి దగ్గర మాత్రం ఆగిపోయేది. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తుంది. దాని అవతల ఇంకో కుర్చీ ఉందని తెలుసు. ఉంటే ఉండనీ. ఆవిడ అటు చూడకుండా వెనక్కి తిరిగేది.

ఈలోగా నరహరికి ప్లాస్టిక్ మీద నమ్మకం పోయింది. ఎండకు పగులుతున్నాయి, గాలికి ఎగురుతున్నాయి. సిమెంటు బెంచీలు కావాలి, ఫుట్‌పాత్ ఖాళీ కావాలి. అడగడానికి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మునిసిపాలిటీ ఆయన, "ఫుట్‌పాత్ మాదే, స్తంభాలు కరెంటోళ్లవి" అన్నాడు. కరెంటాయన, "స్తంభం మాదే, గుంత నీళ్లోళ్లది" అన్నాడు. నీళ్లాయన, "గుంత మాదే, బండ్లు పోలీసులు చూడాలె" అన్నాడు. ట్రాఫిక్ ఆయన గోడ వైపు చూపించాడు. గోడ అవతలి యూనివర్సిటీ ఇంజినీరు, "గోడ లోపల నేను, బయట దేవుడు" అన్నాడు.

నరహరి అందరికీ నమస్కారం పెట్టి, అందరూ ఒక్క పూట కలిసి వచ్చి చూడండని బతిమాలాడు. ఏ చెవిలో ఏం ఊదాడో గానీ, వాళ్లు ఒప్పుకున్నారు. పొద్దున్నే వచ్చారు కూడా. ఎవరి కారులో వాళ్లు వచ్చారు. వచ్చి, ఆ కార్లన్నీ వరసగా ఏ ఫుట్‌పాత్‌ను చూడటానికి వచ్చారో దాని మీదే ఎక్కించి ఆపారు. దిగి నిలబడి, "ఏది సార్, ఫుట్‌పాత్?" అని అడిగారు.

నరహరి కోప్పడలేదు. అందరి చేతికీ తలా ఒక కుర్చీ ఇచ్చాడు.

"గిదేంది సార్?" అన్నాడు మునిసిపాలిటీ ఇంజినీరు.

"చౌరస్తా నుంచి యూనివర్సిటీ గేటు దాక నడుద్దాం. ఎవరి కుర్చీ వాళ్లు మోయున్రి. యాడ అలసట అయితె ఆడ ఏసుకోని కూసోన్రి. మీరు కూసున్న కాడనే బెంచి. ఇంక కాగితాల మీద నక్షాలొద్దు, లొల్లి వద్దు."

పెళ్లికి కుర్చీలు మోసే మేనమామల్లా అధికారులు బయల్దేరారు. జనం ఫోన్లు తీశారు. చెప్పొద్దూ, శ్యామలాంబకు కూడా నవ్వొచ్చింది. ఆవిడ ఇస్త్రీ బండి దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తోంది. కరెంటాయన మందుల షాపు దగ్గరే కూలబడ్డాడు. "ఈడ ఒకటి రాసుకోన్రి" అని అరిచాడు నరహరి. నీళ్లాయన టైలర్ దగ్గర చేతులెత్తేశాడు. నరహరి వాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి వెనకే ఉండిపోయాడు. కాస్త భారీగా ఉన్న మునిసిపాలిటీ ఇంజినీరు పట్టుదలతో అందరికన్నా ముందుకు వెళ్లాడు. ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి ఆయాసంతో ఆగాడు. కుర్చీ వేసుకుందామంటే ఫుట్‌పాత్ మీద, కార్ల వరస చివర, తన కారే ఉంది. అటూ ఇటూ చూశాడు. కుర్చీని రోడ్డు అంచున వేసి, వీధికి వీపు పెట్టి కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

సందులోంచి ఒక నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తోంది.

శ్యామలాంబ దాన్ని చూసింది. "లేవండి!" అని అరిచింది. ట్రాఫిక్ హోరులో ఆ మాట ఎవరికి వినిపిస్తుంది? ఆవిడ లేచింది. ఎప్పుడు లేచిందో, పిక్కలు ఏమన్నాయో తెలియదు. ఏడాదిగా అడుగు పెట్టని చోటికి చీర కాళ్లకు అడ్డం పడుతున్నా పరిగెత్తింది. ఇంజినీరు చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగింది. ఆయన కారు మీద పడ్డాడు. కుర్చీ టైరు కింద పడి చప్పుడు చేసింది. అంతే. డ్రైవరు దిగి, "అద్దంల కనవడలే అమ్మా" అన్నాడు.

శ్యామలాంబ ఇంకా ఇంజినీరు చొక్కా వదలకుండానే, "తెలుసు నాయనా. కనిపించరు" అంది.

ఇంజినీరు నలిగిన కుర్చీని చూశాడు. ముందు తన కారు తీయించాడు. ఆ తర్వాత ఏ స్తంభం ఎవరిదన్న మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ అక్కడే కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకాలు చేశారు. ప్రభుత్వం పని ఇంత త్వరగా అవుతుందంటే నమ్మకండి. దానికీ ఎండాకాలమంతా పట్టింది. కానీ అయింది. ఫుట్‌పాత్ మీద ఇసుక లేదు, బైకులు ఎక్కకుండా గుంజలు పాతారు, అధికారులు అలసిన చోటల్లా సిమెంటు బెంచీ వెలిసింది. మిగతా చోట్ల నరహరి కుర్చీలు ఎప్పటిలాగే ఊరేగుతున్నాయి.

శ్యామలాంబ వేలు నలుపు తగ్గింది. "వేలు మీదే, నా దగ్గరకు రాదు" అని నవ్వింది సుప్రజ. ఆ వారంలోనే ఒక పొద్దున శ్యామలాంబ ఇస్త్రీ బండి దాటి నడిచింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొత్త బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నిలబడదామా, వెళ్లిపోదామా అని కాసేపు తటపటాయించి, ఆఖరికి ఆవిడా కూర్చుంది. సిమెంటు చల్లగా ఉంది. మా ఆయన చివరిసారి చూసినవి ఇవేనేమో, ఈ గోడ, ఈ చెట్టు కొమ్మలు అనుకుంది. పక్కనున్న ముసలాయన అదేమీ గమనించలేదు. ఆయన బాధ ఆయనది.

ఆయన పేరు భీమయ్య. హాస్టల్ మెస్‌లో వంట చేసి రిటైరయ్యాడు. పొగ పీల్చి పీల్చి ఊపిరి చెడింది. అడిక్‌మెట్ నుంచి రోజూ చాయ్ కోసం ఇటు వస్తాడు.

"గీ బెంచి మంచిదమ్మా. దీన్ని ఎవ్వడు జరపలేడు" అన్నాడు.

"ఎవరు జరుపుతారండీ?"

"నరహరి సారు! నా కుర్చీ చాయ్ హోటల్ ముంగటనే ఉండె. కూసోని తాగుతుంటి. ఇప్పుడు యాడికో పోయింది. నిలవడి తాగితె దమ్మొస్తది. ఎందుకు సార్ జరిపినవ్ అని మొన్న లొల్లి పెట్టుకున్న. ఎవరో ఒకామె ఉన్నదట, కాళ్ల నొప్పులామె. ఆమె కోసమట!"

శ్యామలాంబ ఎడమకాలు చీర కిందికి లాక్కుంది.

"మొదలు ఆమె మందుల షాపు దాక నడుస్తదనుకున్నడట, గాడ కుర్చీ ఏసిండు. జర నయమైనంక టైలర్ కాడికి జరిపిండు, తర్వాత ఇస్త్రీ బండి. 'మరీ దగ్గరేస్తె నడక పెరగది, మరీ దూరమేస్తె ఇంట్లకెళ్లి బయటికి రాదు భీమన్నా' అంటడు. రోజు యాడనో చాటుకు నిలవడి, ఆమె పిక్క యాడ పట్టుకుంటదో చూస్తడట. ఆమెకు నయమైతుంటె నాకు చాయ్ దూరమైతున్నది! ఆమె పేరు చెప్పు సార్, పోయి కొట్లాడతా అన్న. చెప్పలె."

"మంచి పని చేశారు" అంది శ్యామలాంబ.

"పిచ్చి సారు. ఇప్పటి పిచ్చి కాదమ్మా. గీడనే ఒక పెద్దమనిషి పాణం పోయింది, కూసోనీకి జాగ లేక. ఆయన పదో దినం నాడు సారు యాడికెళ్లో ఒక కుర్చీ తెచ్చి గీడ ఏసిండు. పోలీసాయన తీసిపారేసిండు. మళ్ల తెచ్చి ఏసిండు. అట్ల సురువైంది ఇదంత. నేను చూస్తనే ఉన్న. కుర్చీ ఏసుడు, ఏడ్చుడు."

శ్యామలాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపొస్తుందనుకుంది. తీరా చూస్తే వచ్చింది నవ్వు. పదో రోజున పరామర్శకు వచ్చిన వాళ్లంతా ఎవరికి తోచిన మాట వాళ్లు అన్నారు, ఒక్కటీ గుర్తులేదు. ఓదార్చడం చేతగాక కుర్చీ ఎత్తుకుపోయిన ఒక్కడినీ ఇంతకాలం తిట్టుకుంది. ఏడాది దాటాక ఆవిడ మనసారా నవ్వింది. భీమయ్య కంగారుపడి, "ఏమైందమ్మా?" అన్నాడు.

అంతలో గేటు వైపు నుంచి నరహరి ఒక కుర్చీతో వస్తున్నాడు. బెంచీ మీద ఇద్దర్నీ పక్కపక్కన చూడగానే గిరుక్కున వెనక్కి తిరగబోయాడు.

"మాస్టారూ, ఆగండి!" అంది శ్యామలాంబ. ఆయన ఆగాడు. "నన్ను అడక్కుండా నా నడక కొలిచారా మీరు?"

"అడిగితె వద్దంటరు గద వదినా."

"అంటాను. ముమ్మాటికీ అంటాను. ఆ కుర్చీ ఎక్కడికి?"

నరహరి నేల చూశాడు. "గేటు లోపల. చెట్ల కింద. మీరు ఇయ్యాల గీడి దాక వస్తే, రేపటికి ఆడ ఉండాలె గదా."

"అక్కర్లేదు. ఈయనకు చాయ్ హోటల్ ముందు వేయండి. పాపం నిలబడి తాగుతున్నారు."

"మరి మీకు నొప్పొస్తె?"

"నిలబడి మిమ్మల్ని తిట్టుకుంటాను. ఆ తిట్లు అయ్యేసరికి నొప్పి అదే తగ్గుతుంది."

భీమయ్య ఒకసారి ఆవిడ కాళ్ల వైపు, ఒకసారి ఆవిడ ముఖం వైపు చూశాడు. కొట్లాడదామనుకున్న మనిషి ఈవిడేనని అప్పుడు అర్థమైంది. "మీరేనా అమ్మా!" అన్నాడు. తర్వాత ఏమనాలో తోచక, "మంచిగైతున్నదా?" అని అడిగాడు.

"బాగవుతోందండీ. రండి, చాయ్ తాగుదురు గాని" అని శ్యామలాంబ లేచి నరహరి చేతిలోంచి కుర్చీ లాక్కుంది. "బరువు వదినా, నేను పట్టుకొస్తా" అంటున్నా వినలేదు. కుర్చీ భుజానికి తగిలించుకుని ముందు ఆవిడ, ఆవిడ వెనక దమ్ము ఆపుకుంటూ భీమయ్య ఫుట్‌పాత్ మీద బయల్దేరారు. ఆఖరున నరహరి. చేతిలో కుర్చీ లేకుండా నడిచి ఏడాది దాటింది పాపం. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, బాగోలేదు. జేబుల్లో పెట్టుకున్నాడు, అదీ బాగోలేదు. ఇస్త్రీ బండి అతను పలకరిస్తే, ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.